వార్నిష్ కొట్టని రెయిలింగు

అందరూ ఆయన్ను బుడ్డీలాయన అంటారు. కొత్తగా విన్నవాళ్ళు తాగుబోతేమో అనుకుంటారు గానీ, పాపం, ఆయన టీ తప్ప మరొకటి ముట్టి ఎరగడు. అవి రంగు బుడ్డీలు. పడవలకీ వంతెనలకీ ఫ్యాక్టరీలకీ బల్లమీద పట్టేంత నమూనాలు చేసి రంగులు వెయ్యడం ఆయన పని. బస్టాండు వెనక సందులో, ఒకే కిటికీ ఉన్న గది. ఆ వాసనకి ఈగ కూడా వాలదు.

పని దగ్గర చాదస్తం జాస్తి. మెరుపులేని మ్యాట్ రంగు కింద గీతలున్నా కడుపులో పెట్టుకుంటుంది. లోహంలా మెరిసే మెటాలిక్ రంగు అలా కాదు, వెంట్రుకవాసి గీతనైనా ఊరంతా చాటుతుంది. అందుకే వెండిరంగు వెయ్యాలంటే ముందు అద్దంలా మెరిసే నల్లపూత, అది బాగా ఆరాక పలచగా వెండి, మెత్తటి గుడ్డతో రుద్దుడు, చివరికి వార్నిష్. వార్నిష్ పడేదాకా భార్యను కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"చెయ్యి పెట్టకే, వెండంతా వేళ్ళకి అంటుకుపోతుంది" అని కసిరేవాడు.

"మీ పడవలతోనే కాపురం చేసుకోండి" అని ఆమె అన్నం క్యారియర్ బల్లమీద పెట్టి వెళ్ళిపోయేది.

ఆమె తమ్ముడు నదిమీద జనాన్ని దాటించే లాంచీ నడిపేవాడు. ఒకనాడు లాంచీ మలుపు తిరుగుతుండగా ఒక పక్క రెయిలింగు ఊడిపోయింది. దాన్ని ఆనుకుని నిలబడ్డవాళ్ళంతా నీళ్ళలో పడ్డారు. చాలామంది మళ్ళీ తేలలేదు. డ్రైవరు ఒళ్ళు తెలియకుండా తిప్పినందుకే ఇంత ఘోరం జరిగిందన్నాడు లాంచీ యజమాని. డ్రైవర్ని పట్టుకెళ్ళి లోపల వేశారు. విచారణాధికారికి చూపించడానికి లాంచీ నమూనా కావాలని యజమాని వెతుక్కుంటూ వచ్చింది బుడ్డీలాయన దగ్గరికే. డ్రైవరు ఈయన బావమరిదని అతనికి తెలియదు. ఈయనా చెప్పలేదు.

కొలతల కోసం ఒడ్డుకు లాగిన లాంచీ ఎక్కాడు. మిగిలిన రెయిలింగు వెండిరంగుతో నిగనిగలాడుతోంది. ఊడినచోట మిగిలిన మొదలును వేలితో నొక్కితే ఇనుము బిస్కెట్టులా పొడైపోయింది. తుప్పు గీకకుండానే పైన రంగు కొట్టేశారు.

"చూసింది చాలు, కొలతలు తీసుకుని దిగండి" అన్నాడు కాపలావాడు. ఆయన దిగాడు. కొద్దిరోజులకే లాంచీకి కొత్త రెయిలింగు బిగించేశారు.

ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలనే అనుకున్నాడు. కానీ భయం పుట్టాకే ఈయన పుట్టాడు. యజమాని మనుషులు ఎలాంటివాళ్ళో తెలియనివాళ్ళు లేరు. నోరు పెగలక, చేతనైన పనే చేశాడు. నమూనా రెయిలింగుకు నల్లపూత బదులు తుప్పురంగు మ్యాట్ వేసి, దానిమీద వెండి రుద్దాడు. వార్నిష్ కొట్టలేదు. వెండి కాస్త మసకగా వచ్చినా యజమాని ఆ తేడా పోల్చుకోలేదు. అధికారి చేత్తో పట్టుకుంటాడు, వెండి ఊడి కింద తుప్పు కనబడుతుంది, ఇదేమిటని పిలిచి అడుగుతాడు, అప్పుడు చెప్పక తప్పదు. ఇదీ ఆయన ఎత్తు.

యజమాని దానికి అద్దాల పెట్టె చేయించాడు.

విచారణనాడు అధికారి చేతులు వెనక్కి కట్టుకుని పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "భలే చేశారే, అచ్చం లాంచీలాగే ఉంది" అన్నాడు. వెనక బెంచీలో ఉన్న బుడ్డీలాయన లేవబోయాడు. యజమాని తలతిప్పి చూసేసరికి మళ్ళీ కూర్చున్నాడు. తప్పంతా డ్రైవరుదేనని తేల్చారు. ఆ మాటమీదే కోర్టు అతనికి ఏళ్ళ తరబడి శిక్ష వేసింది.

తర్వాత యజమాని తన ఆఫీసులో పెట్టుకుంటానని, శుభ్రం చేసిమ్మని నమూనాను వెనక్కి పంపాడు. మధ్యాహ్నం భార్య క్యారియర్ తెచ్చేసరికి పెట్టె మూత తీసి ఉంది. తమ్ముడు నిలబడే చోటు చూసుకుంటూ ఆమె రెయిలింగు మీద చెయ్యివేసింది. ఆయన వద్దనేలోగా వెండి వేళ్ళకు వచ్చేసింది. కింద తుప్పు బయటపడింది.

"ఇదేంటండీ? ఇంత తుప్పు ఎందుకు వేశారు?"

"లాంచీ మీద అలాగే ఉంది."

"మీరు కళ్ళారా చూశారా?"

ఆయన తల ఊపాడు.

"మరి ఒక్క మాట చెప్పలేకపోయారా? వాడికి లోపల ఎన్నేళ్ళో తెలుసుగా మీకు?"

"రంగులో చెప్పానే. ఎవరూ ముట్టుకోలేదు."

ఆమె ఏడవలేదు. అరిచినా బాగుండునని ఆయనకు అనిపించింది. వేళ్ళకంటిన వెండిని చూసుకుని కొంగుకు తుడుచుకుంది. బల్లమీదున్న సీసా తీసి ఆయన ముందు పెట్టింది.

"వార్నిష్ కొట్టెయ్యండి. ఇంకెవరి చేతికీ అంటదు."

క్యారియర్ పట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది. సాయంత్రం యజమాని మనిషి వస్తానన్నాడు. ఆమె వేళ్ళు పడ్డచోట మళ్ళీ వెండి రుద్ది, వార్నిష్ కొట్టాడు.