దుబాయ్ నంబర్ మీద విచారణ

శాసనసభ ఎన్నికల ప్రకటన వెలువడిన వారం, దసరా సెలవుల తర్వాత, నన్ను కామారెడ్డి కలెక్టరేట్ నుంచి ఎల్లారెడ్డి రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి రిటైర్మెంట్‌కు ఇంకా రెండేళ్లున్నాయి. హోదా డిప్యూటీ తహసీల్దార్. పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ నాయబ్ సాబ్ అనే అంటారు. నాకు అప్పగించింది ఫిర్యాదుల విభాగం. ప్రవర్తనా నియమావళిని ఎవరైనా మీరారని ఫిర్యాదు వస్తే నమోదు చేయాలి, తనిఖీకి మనుషుల్ని పంపాలి, వచ్చిన నివేదికను రిటర్నింగ్ అధికారి ముందు పెట్టాలి. గోడల మీద రాతలు, అనుమతి లేని మైకులు, చాటుగా జరిగే విందులు, ఇవే మా రోజువారీ భాగోతం.

నర్సవ్వ ఆ కార్యాలయానికి ఒంటరిగా వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. భర్త సాయిలు గల్ఫ్‌లో భవనాల పనిలో ఉన్నాడు. వాళ్ల ఊరు ఎల్లారెడ్డికి దగ్గరే, పేరు రాయను. విదేశీ కోడ్ ఉన్న నంబర్ నుంచి వచ్చిన ఒక మగగొంతు రికార్డును తన ఫోన్‌లో వినిపించింది. మన ఓటర్ల జాబితా గల్ఫ్ ప్రభుత్వాల చేతికి వెళ్లిందనీ, ఏ ఇంటి ఆడవాళ్లు ఓటేస్తే ఆ ఇంటి మనిషి వీసా రద్దవుతుందనీ ఆ గొంతు చెబుతోంది. ఊరి ఆడవాళ్ల ఫోన్లన్నిటికీ అది చేరింది.

ఇలాంటి మాటను ఎవరైనా ఎందుకు నమ్ముతారని హైదరాబాద్ మిత్రులు తర్వాత నన్ను అడిగారు. విదేశీ కోడ్‌తో నంబర్ కనబడితే పట్నంలో భయపడి ఫోన్ కట్ చేస్తారు. మా దిక్కు ఊళ్లలో లెక్క వేరు. ఆ నంబర్ భర్తది, అన్నది, కొడుకుది. పొయ్యి మీద అన్నం మాడినా సరే ముందు ఆ ఫోన్ ఎత్తుతారు. ఏ దేశం కోడ్ అయినా వాళ్లకు దుబాయ్ నంబరే, దుబాయ్ నంబర్ అంటే మనవాళ్ల నంబరే. ఆ రికార్డు పంపినవాడు ఎవడోగాని, సరిగ్గా ఆ నమ్మకం మీదే కన్నేశాడు.

నర్సవ్వ కష్టం అంతటితో ఆగలేదు. ఆ గొంతు సాయిలుదిలా ఉందని ఎవరో అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. మా జిల్లాలో చాలా ఊళ్లకు గ్రామాభివృద్ధి కమిటీలుంటాయి. పంచాయతీ ఒకటున్నా తీర్పులు వీళ్లే చెబుతారు. సాయిలు తప్పు ఒప్పుకుని జుర్మానా కట్టాలనీ, లేకపోతే ఆ ఇంటితో మాటలు బంద్ అనీ కమిటీ చెప్పింది.

"జుర్మానా కడితె మాఫీ అంటరు సారూ. గని గా మాట ఎవడన్నడో ఎట్ల తెలుస్తది? నాకు మాఫీ వద్దు. ఎంక్వైరీ గావాలె" అంది నర్సవ్వ.

నేను ఆమెకు ప్రమాదం వివరించాను. పోలీసు కేసులో పేరు ఎక్కితే పాస్‌పోర్టుకు చిక్కు రావచ్చు. సెలవుకు వచ్చిన మనిషిని విమానాశ్రయంలోనే ఆపవచ్చు. కొలువూ పోవచ్చు. అందుకని 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాద్దామన్నాను. అది మా కార్యాలయాల్లో బాగా అరిగిన మాట. అందరికీ సుఖం.

ఆమె ఒప్పుకోలేదు. "ఊరంత ఆయన పేరే అంటున్నది. కాయితం మీద లేకుంటె ఎట్ల తేలుతది? సాయిలు పేరు రాయుండ్రి. చేసిండని తేలితె ఆయన మీదనే కేసు పెట్టుండ్రి. చెయ్యలేదని తేలితె గదే మాట ఊర్లకచ్చి చెప్పుండ్రి."

భర్తను అడిగావా అన్నాను. అడిగిందట. చేయలేదన్నాడట. "నేను నమ్మిన. ఊరు నమ్మాలె గద" అంది. ఆ ఇంటికి పెద్ద ఆధారమైన భర్త కొలువును తన చేతులతో తెచ్చి మా టేబుల్ మీద పెట్టిందామె.

ఆమె చెప్పినట్టే సాయిలు పేరుతో వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను. ఆర్డీవో గారే రిటర్నింగ్ అధికారి. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టర్‌కు నివేదిక తయారు చేయమన్నారు. 'ఎన్నికల్లో విదేశీ జోక్యం ఉన్నట్లు అనుమానం. విచారణ జరపవలసిందిగా వినతి' అని నా సర్వీసులో మొదటిసారి టైపు చేశాను. పక్క సీటు మిత్రుడు పడిపడి నవ్వి, ఎల్లారెడ్డి మీద ఏ దేశం కన్నేసిందయ్యా అని ఆటపట్టించాడు. కామారెడ్డిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. వేరే మండలాల నుంచీ అదే గొంతు అప్పటికే వాళ్ల దాకా వచ్చింది. సైబర్ పోలీసులు రికార్డును తీసుకున్నారు. అయితే పోలింగ్‌కు ముందు ఏమీ తేలలేదు.

పోలింగ్ రోజు నాకు సెక్టార్ అధికారి పని కూడా వేశారు. కొన్ని పోలింగ్ కేంద్రాల చుట్టూ జీపులో తిరుగుతూ యంత్రాలు, బందోబస్తు చూసుకోవాలి. నర్సవ్వ ఊరికి వెళ్లేసరికి బడి ముందు మగవాళ్ల వరుస పొడుగ్గా ఉంది. ఆడవాళ్ల వరుసలో నలుగురు ముసలవ్వలు తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్లు బడికి ఎదురు వీధిలో, అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. నాకు దిగులు వేసింది.

నర్సవ్వ వచ్చి వరుసలో నిలబడింది, ఓటేసి బయటికి వచ్చింది. పోలింగ్ కేంద్రం చుట్టూ వంద మీటర్ల లోపల ఫోన్ వాడకూడదు. హద్దు తెలియడానికి సున్నం గీత గీస్తారు. ఆమె గీత దాటి, ఆడబిడ్డ దగ్గర ఉంచిన ఫోన్ తీసుకుంది. అరుగుల మధ్యకు వెళ్లి నిలబడి స్పీకర్ పెట్టి భర్తకు కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. చుట్టే చేతులు ఆగాయి. గీత ఇవతల నిలబడి నేను వింటున్నాను.

మళ్లీ కలిపింది. ఈసారి ఎత్తాడు. "ఏమైందే? అంత మంచిదేనా?" అన్నాడు.

"ఓటేసిన. నీ కొలువున్నదా?"

"ఉండక యేడికి పోతది? సిమెంటు కలుపుతున్న. ఫోన్ పెట్టు, మేస్త్రి చూస్తుండు."

ఒకామె కిసుక్కున నవ్వింది. ఇంకొకామె మాత్రం, ఇయ్యాల కాకుంటె రేపు తీసేస్తరేమో అంది. నర్సవ్వ ఆమె వైపు తిరిగింది. "తీసేస్తె ముందుగాల మాదే తీసేస్తరు. ఓటు నేనే ముందేసిన, కేసుల పేరు కూడ మా ఆయనదే ఎక్కింది. మాది పోయినంక మీరు భయపడుండ్రి."

చాటలు కింద పెట్టారు. కొందరు కార్డుల కోసం ఇళ్లలోకి వెళ్లారు, కొందరు నేరుగా వచ్చి నిలబడ్డారు. గడువు ముగిసే సమయానికి వరుస ఇంకా మిగిలే ఉంది. అలాంటప్పుడు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలు పంచాలి, చీటీ ఉన్నవాళ్లందరి చేతా ఓటు వేయించాలి. ప్రిసైడింగ్ అధికారి చీటీలు పంచుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఎన్ని ఎన్నికలు చేయించానో నాకే గుర్తులేదు, అంతటి దృశ్యం మాత్రం ఇంకొకటి చూడలేదు.

ఫలితాలు వచ్చిన కొంత కాలానికి పోలీసుల ప్రాథమిక నివేదిక అందింది. గొంతు సాయిలుది కాదు. ఆ నంబర్ మా జిల్లావాళ్లెవరూ పనికి వెళ్లని దేశానిది. ఆ తర్వాతి సంగతి ఆ దేశపు ప్రభుత్వం చెప్పాలి, ఢిల్లీ ద్వారా అడగాలి. అడిగారు. నేను రిటైరయ్యే నాటికి జవాబు రాలేదు.

నివేదికలో సాయిలుకు సంబంధించిన భాగాన్ని ఆర్డీవో గారి ఆదేశం మీద ఆ ఊరికి వెళ్లి, పంచాయతీ ముందు నేనే చదివాను. కమిటీ పెద్దలు విన్నారు, లేచి వెళ్లారు. క్షమాపణ చెప్పే అలవాటు వాళ్లకు లేదు. నర్సవ్వ మాత్రం ఒక్కటే అడిగింది: "మరి అన్నోడు ఎవడు సారూ?" ఇంకా తేలలేదన్నాను. "అయితె ఎంక్వైరీ బంద్ చెయ్యకుండ్రి" అంది.

విచారణ కోరుతూ వచ్చిన దరఖాస్తులు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఆ ఎన్నికల తర్వాత, మిగిలిన సర్వీసులో, దరఖాస్తు చేతికి రాగానే ఒక విషయం చూడటం అలవాటైంది: విచారించవలసిన పేర్లలో రాసినవారి సొంత మనిషి పేరు ఉందా అని. నర్సవ్వది తప్ప అలాంటిది నాకు ఇంకొకటి కనబడలేదు.