లక్ష్మి కార్డులో నేను పెట్టిన టిక్కులు

ఎనిమిదేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉండిపోయింది. మా ఆయనకి కూడా చెప్పలేదు. నా పేరు తెలియని మీకు చెబుతున్నాను.

చోడవరం దగ్గర ఒక ఊళ్లో ఆరోగ్య కార్యకర్తను నేను. క్షయ వచ్చినవాళ్ల ఇంటికి పొద్దున్నే వెళ్లి, మాత్రలు నా కళ్లెదుట మింగించి, కార్డులో టిక్కు పెట్టాలి. ఆరు నెలలు. ఇంతే పని.

లక్ష్మి ఊరి చివర ఉండేది. చెరుకు నరికే కూలి. రెండు నెలలు శ్రద్ధగా మింగింది. దగ్గు పోయింది, కాస్త ఒళ్లు చేసింది కూడా. అంతలో గోవాడ చక్కెర మిల్లులో క్రషింగ్ మొదలై, చెరుకు నరికే పనులు ఊపందుకున్నాయి.

"ఒదినా, పరగడుపున ఆ మాత్రలేసుకుంటే తోటలో వాంతులవుతన్నాయి. దగ్గు తగ్గిపోనాది కదా, ఇంకా ఏటి మందులు? నువ్వు కార్డులో టిక్కులు ఎట్టీసుకో."

"ఎవరైనా అడిగితే?"

"మింగేసేనని సెప్తాను. నీకు మాట రానీను."

నాకు తెలీదా? దగ్గు తగ్గినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదని, సగంలో ఆపేస్తే మిగిలినవి మందుకి లొంగకుండా మొండికేస్తాయని ఊరందరికీ చెప్పింది నేనే కదా. మరెందుకు ఒప్పుకున్నాను? జాలిపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. చలికాలం పొద్దున్నే ఆ మంచులో ఊరి చివరిదాకా నడవడానికి బద్ధకం. నెలకి సరిపడా మాత్రల అట్టలు ఒకేసారి ఇచ్చేసి, ఇంట్లో టీ తాగుతూ టిక్కులు పెట్టాను. వరసగా, అందంగా.

కార్డు ప్రకారం లక్ష్మికి నయమైంది. ఏడాది తిరక్కుండానే నెత్తురు కక్కింది. అన్నీ మింగిన మనిషికి మందు ఎందుకు పనిచేయడం లేదని విశాఖ ఆసుపత్రిలో ఆ కార్డు తిప్పి తిప్పి చూశారట. లక్ష్మి చివరిదాకా మింగేశాననే చెప్పింది. నాకు మాట రానివ్వలేదు. అక్కడే పోయింది.

ఇప్పుడు ఆమె కూతురికి అదే జబ్బు. అదే మొండి రకం.

రోజూ వెళ్తున్నాను. వానొచ్చినా వెళ్తున్నాను. మాత్రలు మింగి, నేను అడక్కుండానే ఆ పిల్ల నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తుంది. మొన్న అంది: "అమ్మని కూడా ఇలాగే సూసుకున్నావంట కదత్తా." నేను తల వంచుకుని టిక్కు పెట్టాను.

మీతో చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. చెప్పవలసిన పిల్లకి మాత్రం ఇంకా చెప్పలేదు.