అందరికీ తెలిసిన పాస్‌వర్డ్

నందిగామ బస్టాండు పక్కన నాకో నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, లారీలా మోగే ఒక కూలర్. మొదట్లో వైరస్‌లు నన్ను కాల్చుకు తిన్నాయి. ఓసారి విజయవాడలో కొన్న కంప్యూటర్ పత్రికతో, విండోస్ బదులు వాడుకునే లైనక్స్ సీడీ ఉచితంగా వచ్చింది. అది ఎక్కించాక వైరస్‌లు మా గుమ్మం దాకా వచ్చి, బోర్డు చదివి, జగ్గయ్యపేట బస్సెక్కి వెళ్లిపోయేవి. అక్కడ నెట్ సెంటర్ నడిపే మా తోడల్లుడు నాతో మాట్లాడటం మానేశాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంజనీరింగ్ సీట్ల కోసం కాలేజీలను ఇంటర్నెట్‌లోనే వరసగా పెట్టుకునే పద్ధతి కొత్తగా వచ్చింది. గడువులోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆఖరున ఏ వరస ఉంటే అదే ఖాయం. కీసర నుంచి ఒక మిర్చి రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లకి ఒక్కటే కోరిక, విజయవాడలో కంప్యూటర్ సైన్సు. అదే మొదట పెట్టి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాను.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది పోయి ఎవడి చేతిలోనైనా పడితేనో?" అన్నాడు.

నేను అలవాటుగా లైనక్స్ పాఠం అందుకున్నాను. "చూడు బాబాయ్, మా కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం లోపల ఏం రాసుందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. అందరి కళ్లూ ఉంటాయి కాబట్టే దొంగ దూరలేడు."

"మా కల్లంలో కాయ ఆరబోసినట్టన్నమాట. నలుగురు తిరిగే చోటైతే ఎవడూ చెయ్యి పెట్టడు."

"అదే బాబాయ్!" అన్నాను. అంత తొందరగా అర్థం చేసుకున్న శిష్యుడు నాకు అంతకుముందు దొరకలేదు.

గడువు ఆఖరి రోజు మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు సరిచూసుకోవడానికి వచ్చారు. తెరిచి చూస్తే మొదట సివిల్ ఉంది. రెండోది గుంటూరులో ఆడపిల్లల కాలేజీ. మూడోది నందిగామ దగ్గరిదే ఒకటి. విజయవాడ నాలుగోదై కూర్చుంది.

"హ్యాకర్లు. రష్యావాళ్లయి ఉంటారు," అన్నాను గంభీరంగా.

"మా అమ్మాయి సివిల్ చదవాలని రష్యావాడికేంటయ్యా అంత పట్టుదల?" అన్నాడాయన.

"నాన్నా, పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికైనా ఏంటమ్మా, అందరికీ చెప్పా. నలుగురూ కాపలా ఉంటారని. కంచికచర్ల బస్సులో కండక్టరుక్కూడా చెప్పా."

ముందు కంచికచర్లలో కాంట్రాక్టు పనులు చేసే బావమరిదికి ఫోన్ చేశాడు. స్పీకర్ అక్కర్లేని గొంతు అతనిది. "నేనే మార్చా బావా! ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తంటే కంప్యూటర్లేంది, కంప్యూటర్లు!" తర్వాత జగ్గయ్యపేటలో ఉన్న తన పెద్దమ్మకి చేస్తే, ఆవిడా దాచలేదు. "నేనేరా మార్పించా. గుంటూరు హాస్టల్ గేటు ఆరింటికే మూసేస్తారంట. పిల్లకి మంచిదని."

మూడోది ఎవరు పెట్టారో ఆ రోజు తేలలేదు. అనుమానం కండక్టరు మీదకి పోయింది. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను, అది నా పనే. దగ్గర్లో చదివితే ప్రాజెక్టు పనికి మా సెంటర్‌కే వస్తుందనీ, లైనక్స్ నేర్పొచ్చనీ. దొంగ ఒక్కడూ లేడు. కాపలావాళ్లమే ముగ్గురం.

గడువు ఇంకో గంట ఉంది. పిల్ల కుర్చీ ముందుకు లాక్కుని వరస సరిచేసింది. తర్వాత పాస్‌వర్డ్ మార్చడానికి నొక్కి, ఆగి, వెనక్కి తిరిగింది.

"నాన్నా, నువ్వు బయట కూర్చో."

"నాక్కూడా చెప్పవా?"

"నీకు అసలు చెప్పను."

ఆయన లేచి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. "అంకుల్, మీరు కూడా అటు తిరగండి."

ఆ సెంటర్ పెట్టిన నాటి నుంచి ఆ మాట నాతో అన్నవాళ్లు లేరు. నందిగామలో సగం మంది పాస్‌వర్డ్‌లు నేను పెట్టినవే, మిగతా సగం నాకు కేకేసి చెప్పినవే. గోడమీది క్యాలెండర్ వైపు తిరిగాను. అయితే కీబోర్డు చప్పుడు వింటే చాలు, ఏ అక్షరం నొక్కారో నాకు తెలిసిపోతుంది. ఇది అబద్ధమని మా తోడల్లుడు ఊరంతా చెబుతాడు గానీ, నిజం.

అందుకని వెళ్లి కూలర్‌ని ఫుల్లు స్పీడులో పెట్టాను.