అప్పలరాజు గారి స్వీడన్

ఖరగ్‌పూర్ మలంచాలో మా ఇంట్లో మధ్యాహ్నం పూట కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంటే, మెట్ల కింద నుంచి ఒక మోత మొదలవుతుంది. పోయిన వారం కూర తరుగుతూ ఆ మోత విన్నాను. విని, నాకు తెలియకుండానే పైకి చెప్పాను. కింద ఒకటి ఉంది, మారడం లేదు; దాని మీద ఇంకొకటి సన్నగా వచ్చి పోతోంది అని. పక్క గదిలోంచి మా ఆయన ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. ఎవరితోనూ కాదన్నాను. అది నిజం కాదు. నేను అప్పలరాజు గారికి చెబుతున్నాను. ఆయన పోయి ఏడాది దాటింది.

మా రైల్వే ఆఫీసులో నేను చేరినప్పుడు ఆయన మా సెక్షన్ సూపరింటెండెంటు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతగారు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చారు. తండ్రి కూడా అక్కడే చేశారు. ఈయనా వయసులో ఉండగా కొన్నేళ్ళు వ్యాగన్లకు రివెట్లు కొట్టే షెడ్డులో పనిచేసి, తర్వాత డిపార్టుమెంటు పరీక్ష రాసి ఆఫీసుకు మారారు. షెడ్డు వదిలినా షెడ్డు ఆయన్ని వదల్లేదు. చెవుల్లో ఎప్పుడూ ఒక గీ అనే చప్పుడు ఉండేది. గది నిశ్శబ్దంగా ఉంటే అది పెరిగేది. పడుకునేటప్పుడు పక్కన ఏదైనా మెత్తని శబ్దం పెట్టుకోమని డాక్టరు చెబితే, ఫోనులో తంబురా శ్రుతి పెట్టుకునేవారు. ఒక ఆదివారం భోజనం చేసి కునుకు తీసి లేచేసరికి శ్రుతి మారిపోయి ఉందట. తంబురా పాడైపోయిందనుకున్నారు. ఫోను తీసి చూస్తే, శ్రుతి అయిపోయాక అది తనంతట తానే ఇంకెవరిదో మొదలుపెట్టింది. స్వీడన్‌లో ఎవరో ఒకాయన చర్చిలోని పాత ఆర్గన్ మీద ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచిన ముక్క అది. అది వింటున్నంతసేపూ చెవిలో గీ వినపడలేదని ఆయన చెప్పారు. అక్కణ్ణుంచి మొదలు.

తర్వాత ఆయన వెతకడం నేర్చుకున్నారు. ఆ దేశంలో పెద్ద కంపెనీల జోలికి పోకుండా ఇంట్లోనే రికార్డు చేసుకుని ఇంటర్నెట్‌లో పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు మాటలు లేకుండా ఇలాంటి నిదానమైన శబ్దాలు చేస్తారు. కొందరు గిటారు పట్టుకుని పాడతారు. గోథెన్‌బర్గ్, మాల్మో, ఉమియో అన్న పేర్లను ఆయన మన లైన్లో స్టేషన్ల పేర్లు పలికినట్టు పలికేవారు. పాట కింద శ్రోతలు తమ మాట రాసే చోట, ఆఫీసు నోటులో రాసే ఇంగ్లీషే రాసేవారు. పై విషయమును పురస్కరించుకుని విన్నాను, రెండవ భాగములో గాలి చప్పుడు అధికముగా ఉన్నది, దయచేసి పరిశీలించగలరు అన్న ధోరణి. ఒకసారి ఒకావిడ అక్కణ్ణుంచి జవాబిచ్చింది, మీరన్నది నిజమే, ఆ రోజు కిటికీ తెరిచే ఉంది అని. ఆ జవాబు ఆయన వారం రోజులు అందరికీ చూపించారు.

మా పక్క బల్ల బెంగాలీ తపన్ దాదాకు ఇదంతా వేళాకోళంగా ఉండేది. "రాజుదా, మళ్ళీ ఫ్రిజ్ వింటున్నారా?" అని హిందీలో అడిగేవాడు. అప్పలరాజు గారు తల ఎత్తకుండానే, ఫ్రిజ్ అయితే మధ్యలో ఆగుతుంది దాదా, ఇది ఆగదు, అదే తేడా అనేవారు.

మా నాన్న చనిపోయిన నెలలో అప్పలరాజు గారు నాకు మొదటిసారి ఒకటి వినడానికి ఇచ్చారు. దినకార్యాలు అయి ఆఫీసుకు వచ్చిన రోజు, భోజనం వేళ నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంట్లో ఏమి వినిపిస్తోంది అని అడిగారు. ఆ ప్రశ్న వింతగా అనిపించింది. మాటలండీ అన్నాను. ఏ గదిలోకి వెళ్ళినా ఎవరో ఒకరు నాకు ధైర్యం చెబుతున్నారు. ఆయన తన హెడ్‌ఫోన్ తీసి ఇచ్చారు. ఇందులో మాటలుండవు అని మాత్రం చెప్పారు. చేసినవాళ్ళ పేరు చెప్పలేదు.

నేను తెలుగు ఎమ్మే చదివాను. విన్న తర్వాత ఏదో ఒకటి బాగా చెప్పాలనుకున్నాను. మంచులో ఒంటరిగా నడుస్తున్నట్టుందండీ అన్నాను.

"నువ్వు మంచు సూసినావేటి శారదమ్మా?"

లేదన్నాను.

"నేనూ సూడలేదు. ఇద్దరికీ తెలీనిది సెప్పుకుని ఏటి లాభం? అందులో ఏటుందో సెప్పు."

మళ్ళీ విన్నాను. ఆర్గన్ లాంటిది ఒకటి. కొంతసేపటికి ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో ఊపిరి పీల్చారు. చివర ఆర్గన్ ఆగాక కూడా గది చప్పుడు కొంత ఉంది. ఇవే చెప్పాను. ఆయన తల ఊపి తన బల్లకు వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకొకటి ఇచ్చారు. బాగుంది, హాయిగా ఉంది అంటే తర్వాతిది వచ్చేది కాదు. ఏముందో చెబితేనే వచ్చేది.

ఇంకొకరికి ఇవ్వడంలోనూ ఆయన పద్ధతి అదే. నచ్చింది కదా అని అందరికీ పంపేవారు కాదు. ఎవరికి ఇవ్వాలో తేలేదాకా తన దగ్గరే ఉంచుకునేవారు. తపన్ దాదా భార్య జబ్బుపడి కలకత్తా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అతను వేళాకోళాలు మానేశాడు. అప్పుడు అతనికి ఉమియో కుర్రాడెవరో పాడిన ఒక పాట ఇచ్చారు. ఆ కుర్రాడి గొంతు మధ్యలో వణుకుతుంది. దాన్ని సరిచేసుకోకుండా అలాగే పెట్టాడు. తపన్ దాదా లోకల్ రైల్లో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే వినేవాడు. ఆ తర్వాత ఫ్రిజ్ అన్న మాట మేము మళ్ళీ వినలేదు.

రిటైరయ్యాక అప్పలరాజు గారు నిమ్‌పురా రైల్వే క్వార్టరు వదిలి, అదే ఊళ్ళో తాల్‌బగీచాలో కట్టుకున్న చిన్న ఇంటికి మారారు. ఆదివారం పొద్దున్న నేను అక్కడికి వెళ్ళడం అలవాటైంది. ఒక ఆదివారం ఆయన చిరాకుగా ఉన్నారు. కిటికీ తెరిచి రికార్డు చేసిందే, ఆ స్వీడన్ ఆవిడ, కొత్తగా ఒకటి పెట్టిందట. ఆవిడ పనంతా హార్మోనియం లాంటి ఒక పెట్టె మీద, చిన్న చిన్న చేతిగంటలతో సాగుతుంది. ఈసారి గంటలు తీసేసిందని ఆయన ఫిర్యాదు. గంటలు లేకపోతే ఆవిడ పనిలో మిగిలేది ఏమీ లేదని, కారణం తెలియజేయగలరని అప్పటికే రాసేశారు కూడా. ఈమధ్య అందరూ ఇలాగే మొద్దుగా చేస్తున్నారని, పైన ఉండాల్సినవన్నీ తీసేస్తున్నారని అన్నారు. నువ్వూ విని చెప్పమని హెడ్‌ఫోన్ ఇచ్చారు.

పెట్టుకున్నాను. మొదటి నుంచీ గంటలే. ఒకటి ఆగక ముందే ఇంకొకటి. వాటి చప్పుడులో పెట్టె శబ్దమే సరిగా తెలియడం లేదు.

ఆయన నా ముఖం చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో ఆయన భార్య సత్యవతి గారు టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడకు ముందే తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది. కాలింగ్ బెల్లు ఆయనకు వినపడడం మానేసి చాలా రోజులైందని, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నానని తర్వాత చెప్పారు.

"గంటలున్నాయేటి?" అని అడిగారు.

"ఉన్నాయి మాస్టారూ."

"ఎక్కడెక్కడ?"

"అన్ని చోట్లా."

ఆయన హెడ్‌ఫోన్ తీసుకుని, తీగను నెమ్మదిగా చుట్టి బల్ల మీద పెట్టారు. టీ తాగారు. ఉన్నది చెప్పినందుకు నా మీద కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఆ సాయంత్రమే ఆ స్వీడన్ ఆవిడకు మళ్ళీ రాశారు. లోపం నా చెవిలోనిది, మీ పని సక్రమముగానే ఉన్నది, ఇంతకు ముందు రాసినది దయచేసి రద్దు చేయగలరు. ఆవిడ ఏమి జవాబిచ్చిందో ఆయన ఎవరికీ చూపించలేదు.

ఆయన చెవికి మిషను పెట్టించారు. దానితో మాటలు వినిపించేవి, సంగీతం మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఉందని తీసేశారు. సన్నని శబ్దాలు ముందు పోయాయి, తర్వాత మిగిలినవీ ఒక్కొక్కటే తగ్గాయి. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి హెడ్‌ఫోను నా కుర్చీ మీద ఉంది. ఇకమీదట నువ్వు విను, నాకు చెప్పు అన్నారు. కొత్తవి వెతకడం మాత్రం ఆయన పనే. పేర్లు, ఊళ్ళు చూసి ఏరి ఉంచేవారు. నేను ఆయనకు ఎదురుగా, పెదవులు కనపడేలా కూర్చుని, వింటూ గట్టిగా చెప్పేదాన్ని. కింద మోత. ఎడమ పక్క వాన, అది నిజం వాన. ఇప్పుడు పియానో, మూడు మెట్లు దిగి ఆగింది. సత్యవతి గారు నవ్వి, క్రికెట్టు కామెంట్రీ మొదలైంది అనేవారు. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసేవారు.

అలా చెప్పడం కష్టం. మాట ఎక్కువైతే ఆయనకు శబ్దం చేరదు, తక్కువైనా చేరదు. ఒకసారి నాకు మాటలు దొరక్క, చాలా విషాదంగా ఉందండీ అనేశాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"ఇషాదం నీది. అది తరవాత సూద్దాం. అందులో ఏటుంది?"

చెప్పాను. ఆయన కళ్ళు మూసుకోలేదు, నా పెదవులు చూడాలి కదా. అయినా నేను చెప్పినది ఆయనలో ఎక్కడో మళ్ళీ మోగుతోందని, ముక్క అయిపోయాక ఆయన ఊరుకున్న తీరును బట్టి తెలిసేది. అంతా విన్నాక ప్రతిసారీ అదే అడిగేవారు, ఇది ఎవరికిస్తావు అని. నాకు తెలిసిన మనుషుల్లో ఒకరిని తలుచుకుని చెప్పేదాన్ని. ఎందుకో కూడా చెప్పాలి. ఒక్కోసారి వద్దు, ఆ మనిషికి ఇంకా కాదు అనేవారు. మనుషుల్ని నేను అప్పటిదాకా అంత శ్రద్ధగా చూసి ఉండలేదు.

చివరి వానాకాలంలో ఆయన మంచం మీదే ఉన్నారు. గుండె బలహీనపడిందని డాక్టర్లన్నారు. నా మాట కూడా అందడం మానేసింది, పెదవులు చూసి పోల్చుకునే ఓపిక లేదు. నేను వెళ్ళి ఊరికే కూర్చునేదాన్ని. ఒక పొద్దున్న ఆయనే మాట్లాడారు. తనకు వినపడదు గనక గొంతు మరీ పెద్దదిగా వచ్చింది.

"అన్నీ పోయినాయి శారదమ్మా. ఆ గీ ఒక్కటే ఉంది. దాన్నించి తప్పించుకోడానికే ఇదంతా మొదలెట్టినాను."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన, నేను ఆదివారాలు చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టారు.

"పైన సన్నగా ఒకటి. అది మారదు. దాని కిందన ఇంకోటుంది, నాకిన్నాళ్ళూ తెలీలేదు. బండి ఎళ్ళిపోయినాక పట్టాల్లో కొంతసేపుంటాదే, అలాంటిది. ఎళ్తానే ఉంటాది, అవదు."

ఆగి, నా వైపు చూశారు. "ఎవరికిస్తావు?"

ఎవరికీ ఇవ్వను, నేనే ఉంచుకుంటాను అన్నాను. నా పెదవులు ఆయనకు అందాయో లేదో తెలియదు. తల ఊపారు. ఆ వారం దాటకుండానే పోయారు.

ఇప్పుడు తెలిసినవాళ్ళు అప్పుడప్పుడు నన్ను అడుగుతారు, ఏదైనా వినడానికి చెప్పమని. మొన్న ఆఫీసులో ఒకమ్మాయి అడిగింది. ఆ అమ్మాయి ఇంట్లో ఏమి వినిపిస్తోందో కనుక్కుని, మాల్మోవాళ్ళది ఒకటి ఇచ్చాను. ఆయన దగ్గర నేర్చుకున్నవన్నీ అలాగే ఒక్కొక్కటిగా మనుషులకు చేరుతున్నాయి. చేరనిది ఒక్కటే ఉంది. అది రికార్డు కాలేదు. ఆయనకు తప్ప లోకంలో ఇంకెవరికీ ఎప్పుడూ వినపడలేదు. దాని గురించి నాకు తెలిసింది ఆయన చెప్పిన ఆ నాలుగు మాటలే. ఆ మాటల్లో ఒక్కటి పోగొట్టినా ఆ శబ్దం ఇక ఎక్కడా ఉండదు. అందుకని వాటికి ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా, ఆయన చెప్పినట్టే ఇక్కడ రాశాను.