ఆముదం కాయ అంచు

నేను బొమ్మలు వేసుకుని బతికే మనిషిని. హైదరాబాదులో సబ్బులకు, బీడీ కట్టలకు, బట్టల మూటల మీద అంటించే చీటీలకు బొమ్మలు వేస్తాను. ఎవరి దగ్గరా నౌకరీ లేదు. పని ఇచ్చినవాడే యజమాని, ఇచ్చినన్నాళ్ళే యజమాని. మొన్న పుష్యమాసంలో సుల్తాన్ బజారు చీరల వ్యాపారి ఒకాయన కబురు పెట్టాడు. ఫాల్గుణంలో వాళ్ళ అమ్మాయి పెళ్ళి. గద్వాల చీరకు ఇంతవరకూ ఏ మగ్గం మీదా ఎక్కని అంచు కావాలన్నాడు. కాగితం మీద చూపిస్తే నమ్మడట, జానెడు నేయించి తేవాలి. తెస్తే ఇకమీదట ఆయన కొట్టుకు అంచులన్నీ నేనే వేయాలి. తేకపోతే బొంబాయి నుంచి దిగిన ఇంకో చిత్రకారుడు ఆయన అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. రెండు వారాలు గడువు.

రెండు రోజులు ఇల్లు కదలకుండా కూర్చుని ఒక హంసల బారు వేశాను. ఒక్కో ఈకకు ఏడు రంగులు. మెడ వంపు దగ్గర నీడ కూడా దిద్దాను. నా హంసలను చూసి నాకే ముద్దొచ్చింది. ఆ కాగితాన్ని రేకు గొట్టంలో చుట్టి పెట్టుకుని శనివారం పొద్దున ఏడింటికి కాచిగూడలో బండెక్కాను.

మూడో తరగతి పెట్టెలో కాలు పెట్టడానికి సందు లేదు. యుద్ధం రోజులు కదా, ఉన్న బండ్లు తగ్గాయి, ఎక్కేవాళ్ళు పెరిగారు. మీరెవరైనా ఈ దారిన పోయేటట్లయితే అరగంట ముందే స్టేషనుకు చేరండి, నీళ్ళ చెంబు వెంట ఉంచుకోండి. మహబూబ్‌నగర్‌లో పూరీలు దొరికాయి, వేడిగానే ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక కృష్ణ వంతెన మీదికి బండి రాగానే పెట్టెలో సగం మంది లేచి నిలబడి నీళ్ళలోకి చిల్లర కాసులు విసిరారు. నేనూ ఒకటి విసిరి, నా హంసల తరఫున దణ్ణం పెట్టుకున్నాను. రెండున్నరకు గద్వాల. సత్రంలో గది దొరికింది, చాప మాత్రం మనదే.

ఆదివారం పొద్దున కోట పక్క సందుల్లోకి నడిచాను. కోట మట్టిగోడ ఎంత మందమో, దాని నీడలోనే ఒక వీధి పడుతుంది. ఆ వీధి మలుపు తిరిగితే ఇంటింటా మగ్గం చప్పుడు. వ్యాపారి చెప్పిన ఇల్లు ఈరన్నది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన భార్య లక్ష్మమ్మది మాట ఎక్కువ. ఇద్దరూ ఒకే మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. నేను అప్పటిదాకా చీర అంటే ఒక్క బట్ట అనుకునేవాణ్ణి. కాదు. నడుమ నూలు, అటూ ఇటూ అంచులు పట్టు. పోగును అటూ ఇటూ మోసే నాడె నూలుకు ఒకటి, రెండు అంచులకు రెండు. అటు నుంచి లక్ష్మమ్మ పట్టుపోగు పంపిస్తే ఇటు నుంచి ఈరన్న నూలుపోగు పంపిస్తాడు. రెండూ ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. ప్రతి పోగుకూ అంతే, ఒక్కటీ తప్పిపోకూడదు. నేను గంటసేపు నోరు తెరుచుకుని చూశాను. పన్నెండేళ్ళుగా బట్టల మూటలకు చీటీలు వేస్తూ, ఆ మూటలో ఏముంటుందో ఒక్కసారి చూడనందుకు సిగ్గేసింది.

సిగ్గు కాసేపే. గొట్టం విప్పి హంసల కాగితం గర్వంగా పరిచాను. ఈరన్న దాన్ని అడ్డంగా తిప్పాడు, నిలువుగా తిప్పాడు, తలకిందులుగా పెట్టాడు. బాగుందన్నట్టు తలూపి లక్ష్మమ్మకు ఇచ్చాడు. ఆమె లోపలికి పోయి కొత్త చీర ఒకటి తెచ్చి, కట్టుకున్న చీర మీదే చుట్టుకుంది. నా కాగితాన్ని పొడుగ్గా మడిచి కాళ్ళ దగ్గర అంచు మీద పట్టుకుంది. హంసలు చక్కగా నడుస్తున్నాయి. అదే కాగితాన్ని భుజం మీది అంచుకు పట్టుకుంది. హంసలన్నీ ముక్కు నేలకు పెట్టి కిందికి దిగుతున్నాయి. నడుం దగ్గర పై అంచుకు పెట్టింది. అక్కడ కాళ్ళు ఆకాశానికి.

"గిది చీటీ కాదు సారు, చీర," అంది. "చీరకు తల ఏడిది, కాళ్ళు ఏడియి? కట్టుకుంటే చుట్టూ తిరుగుతది. నీ హంసలు జర సేపు నడిసి, మిగిలిన దారంత బాయిల పడుతున్నయి."

తామూ హంసలు వేస్తామనీ, అవి కొంగు మీద ఎదురెదురుగా నిలబడతాయనీ చెప్పింది. అంచుకు కావలసింది ఎటు తిప్పినా అదే అనిపించే బొమ్మ. ఇంత సంగతి ఆడవాళ్ళకు తెలియనిది కాదు. చీర కట్టుకోని మగవాడు కాగితం ముందు కూర్చుంటే ఇలాగే వేస్తాడు కాబోలు. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, కానీ లోపల ఏదో తలుపు తెరిచినట్టయింది. చీటీకి పైన, కింద ఉంటాయి. ఇన్నేళ్ళు నేను పైన, కింద మాత్రమే నేర్చుకున్నాను.

ఈరన్న అప్పుడు నోరు విప్పాడు. "శుక్రారం పొద్దున కొత్త పడుగు ఎక్కిస్తం. ఎక్కినంక మూడు చీరలు ఒకటే అంచు. గంతలోపు తెస్తె ఏస్త. లేకుంటే రెండు నెలలాగాలె."

పడుగంటే మగ్గానికి నిలువుగా కట్టే పోగులు. రెండు నెలలు ఆగితే పెళ్ళీ అయిపోతుంది, బొంబాయి ఆయన కొట్టులో స్థిరపడిపోతాడు. నాకు మిగిలింది నాలుగు రోజులు. సత్రంలో కూర్చుంటే బుర్రలో మళ్ళీ హంసలే తిరుగుతాయని తెలుసు. ఈ ప్రాంతమంతా కళ్ళతో ఒకసారి తిరిగి రావాలని సోమవారం పొద్దున బండెక్కి వనపర్తి రోడ్డు స్టేషనులో దిగాను.

అక్కడి నుంచి వనపర్తికి బొగ్గు బస్సు. వెనక ఒక డబ్బాలో బొగ్గులు రాజేసి ఆ పొగతో నడిపిస్తారు. చదునుమీద బాగానే పోతుంది, ఎత్తు వస్తే అందరం దిగాలి. నా పక్కన ఆత్మకూరు గొంగళ్ళ వ్యాపారి. ఒళ్ళో గొంగడి అంచులు చూపించమంటే సంతోషంగా పరిచాడు. నల్లటి ఉన్ని మీద తెల్ల చారలు, ఎటు తిప్పినా అవే. "కొంటవా, సూస్తవా?" అని అడిగాడు. చూస్తానన్నాను. "సూసుడుకు పైసలేంది," అని దయతలిచాడు.

వనపర్తిలో ఒక కాఫీ హోటలు మేడమీద బస. రాజాగారి బంగళా వీధి వెంట నడుస్తుంటే కిటికీ ఊచలు, మెట్ల పక్క ఇనుప తీగలు, అన్నీ పుస్తకంలో గీసుకున్నాను. మంగళవారం కచ్చరం ఎద్దుబండి కట్టించుకుని, చెరువు ఒడ్డున గుడి ఉన్న శ్రీరంగాపూర్ పోయాను. గోపురం నీళ్ళలో పడి రెండుగా కనిపిస్తుంటే కాసేపు తల తిరిగింది. స్తంభాల మధ్య నాలుగు గంటలు గడిపాను. సింహాలు, గుర్రాలు, ద్వారపాలకులు, ఎంత బాగున్నాయో చెప్పలేను. కానీ ఏం లాభం, ఒక్కొక్కదానికీ తల ఉంది, కాళ్ళున్నాయి. వీటిలో ఒక్కటైనా భుజం మీదికెక్కితే బోర్లా పడుతుంది. పూజారి నా గొణుగుడు విని, దేవుడి దగ్గరికొచ్చి తల లేనిదాన్ని వెతుకుతావేమిటని అనుమానంగా చూశాడు.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి నాగర్‌కర్నూలు బస్సు. రెండు రోజులు పోయాయి, పుస్తకంలో ముప్పై బొమ్మలు, ఒక్కటీ పనికిరాదు. అయినా నాకు దిగులు పడే తీరిక లేదు. కనిపించిన ప్రతిదాన్నీ మనసులో తిప్పి చూస్తున్నాను. బండిచక్రం తిప్పాను, పైటగుడ్డ తిప్పాను, ఎదుటి మనిషి తలపాగా తిప్పాను. ఒక ఎత్తు దగ్గర బస్సు ఆగిపోయింది. బొగ్గు మళ్ళీ రాజేయడానికి అరగంట పడుతుందన్నారు. అందరం దిగాము.

రోడ్డు పక్కనే చేను, అందులో కళ్ళం. ఒక రైతు భార్య ఎండబెట్టిన కాయలను కాలితో తిరగేస్తోంది. ఏమిటవి అని అడిగాను. పట్నపు మనిషి కదా, తెలియక అడిగినందుకు ఆమెకు నవ్వాగలేదు. ఒక కాయ తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఆముదం కాయ. మెల్లగ పట్టుకో, ముండ్లుంటయి."

గుండ్రటి కాయ, చుట్టూ మెత్తటి ముళ్ళు. అరచేతిలో దొర్లించాను. పైన ముళ్ళు. ఇంకోవైపు దొర్లించాను. మళ్ళీ పైన ముళ్ళే. ఎటు తిప్పినా అది నిలబడే ఉంది. కళ్ళం నిండా వేలకొద్దీ కాయలు, ఎవరు ఎలా తన్నినా ఒక్కటీ తలకిందులు కాలేదు. నేను అక్కడే మట్టిలో కూర్చుని గీయడం మొదలుపెట్టాను. బస్సు హారను కొట్టింది, మళ్ళీ కొట్టింది. చివరికి డ్రైవరు వచ్చి జబ్బ పట్టుకుని లేపాడు. ఆ రైతు భార్య రెండు గుప్పిళ్ళ కాయలు నా రుమాలులో మూట కట్టి ఇచ్చింది. ఏం చేసుకుంటావని కూడా అడగలేదు.

నాగర్‌కర్నూలులో మధ్యాహ్నం పన్నెండుకు దిగి, తిండి మాట మరిచిపోయి బడి వెతుక్కుంటూ వెళ్ళాను. నేతకు గళ్ళ కాగితం కావాలి, ఒక్కో గడి ఒక్కో పోగు. బడిపంతులు లెక్కల కాగితాలు నాలుగిచ్చి, తన ఇంట్లోనే కూర్చోబెట్టి, జొన్నరొట్టె, పుంటికూర పెట్టించాడు. నేను గళ్ళు నింపుతుంటే ఆయన పక్కనే కూర్చుని లెక్క తప్పినచోటల్లా వేలు పెట్టి చూపించాడు. పొద్దు గూకేసరికి గళ్ళలో ఆముదం కాయ కాసింది. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలియదు.

గురువారం వచ్చిన దారినే వెనక్కి. బస్సును రెండుసార్లు తోశాను, రెండుసార్లూ ముందు దిగినవాణ్ణి నేనే. సాయంత్రం బండి అందుకుని, దీపాలు పెట్టే వేళకు ఈరన్న గడపలో నిలబడ్డాను. ఆయన కాగితం చూడకుండా నేరుగా భార్యకు అందించాడు. లక్ష్మమ్మ కాళ్ళ దగ్గర పెట్టుకుంది, నడుం దగ్గర, భుజం మీద. తిప్పి, మళ్ళీ తిప్పింది.

"నిలవడ్డది," అంది. వెంటనే, "ముండ్లు పొడుగైనయి. గింత పొడుగు పోగు పైన తేలితే మెట్టెలకు తట్టుకుని తెగుతది. రెండు గళ్ళు కొట్టెయ్," అని గోటితో గీత పెట్టింది.

అక్కడే కూర్చుని ముళ్ళన్నీ కురచ చేశాను. కురచయ్యాకే కాయ అందంగా కనిపించింది. శుక్రవారం పడుగు ఎక్కింది. శనివారమంతా అంచు పోగులు కుదిర్చారు. ఆదివారం మధ్యాహ్నానికి జానెడు నేత దిగింది, ముదురు ఎరుపు మీద జరీ కాయలు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

అప్పుడే వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. కొత్త అంచు దిగితే ఇరుగుపొరుగు వచ్చి చూసిపోవడం అక్కడి వాడుక. గోటితో పోగులు లెక్కపెట్టారు, వెనక్కి తిప్పి చూశారు. ఒకామె అప్పుడే ఎదురుగా ఉన్న తన ఇంటి గోడ మీద బొగ్గుతో గళ్ళు గీసుకుంటోంది. ఏ మగ్గం మీదా లేని అంచు అని కదా వ్యాపారి అడిగింది. ఆ మాటే ఈరన్నతో అన్నాను.

"మగ్గం ఎక్కినంక దాసిపెట్టుడుండదు సారు," అన్నాడు ఈరన్న. "ముందు ఏసినోని చీర దిగేదాక ఇంకో ఇంట్ల ఏయరు. గది మా వీధి కట్టుబాటు. మీ సేటు బిడ్డ ముందు కట్టుకుంటది. అటెన్క ఊరంత కట్టుకోని."

ముందు భయం వేసింది. తర్వాత, ఆ బొగ్గు గీతలు చూస్తుంటే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత సంతోషం వేసింది. నా చీటీలను మూట విప్పగానే చింపి పారేస్తారు. ఇక్కడ ఒకామె నా బొమ్మను తన గోడ మీద దాచుకుంటోంది. వ్యాపారికి ఉన్నమాట చెబుతాను. మొదటి చీర ఆయన ఇంటికే, అంతవరకే నా హామీ. ఒప్పుకుంటే మంచిది. లేదంటే కొట్టు బొంబాయి ఆయనకు వదిలేసి, నేను నడిచి అయినా గద్వాల వస్తాను.

ఈరన్న కోసి ఇచ్చిన జానెడు ముక్కతో సోమవారం పొద్దుటి బండికి బయలుదేరాను. కిటికీ పక్క చోటు దొరికింది. తొమ్మిది రోజుల కింద ఇదే దారిలో చేలన్నీ నాకు ఒకేలా కనిపించాయి. ఇప్పుడు ఏ చేను వైపు చూసినా బొమ్మలే. ఈ వైపు పోయేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కోటలూ గోపురాలూ తప్పకుండా చూడండి, కానీ బస్సు ఆగిన చోట కూడా దిగండి.

వనపర్తి రోడ్డులో ఒక పెద్దామె ఎక్కి ఎదుట కూర్చుంది. నా ఒళ్ళో జానెడు బట్ట చూసి చేయి చాపింది. తిప్పి చూసి, భుజం మీద వేసుకుని చూసుకుంది. ఎవరు నేసిందని అడిగితే గద్వాల ఈరన్న, లక్ష్మమ్మ అని చెప్పాను. నా పేరు చెప్పకుండా ఉందామని గట్టిగా అనుకున్నాను. దేవరకద్ర దాకా ఆగాను. ఆ తర్వాత ఆగలేక, ఆ కాయ వేసింది నేనే అని చెప్పేశాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆముదం కాయను నువ్వేసుడేంది నాయనా? మా చేన్ల కాస్తది."

నేను కాదనలేదు. జడ్చర్ల వచ్చేదాకా ఆమె ఆ బట్టను నాకు తిరిగి ఇవ్వలేదు.