బాపు కుడిచెయ్యి

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసే మా బాపుకు కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. దవాఖాన చీటీ మీద హెమిప్లీజియా అని రాశారు. ఒక పక్క పూర్తిగా చచ్చుబడటమని అర్థం. ఎడమచేత్తో తినమంటే బాపు ససేమిరా అన్నాడు. పూటపూటకూ అవ్వే, అంటే మా అమ్మే, తినిపించేది.

రెండు నెలలకు డాక్టరు ఆ పేరు కొట్టేసి హెమిపరేసిస్ అని రాశాడు. అప్పుడు నేను నర్సు చదువులో ఉన్నాను. ఇలాంటి పేర్లు బట్టీపట్టలేక నాకు ఒళ్లు మండేది. ఈసారి మాత్రం తేడా తెలిసిన గొప్పతో ఇంటికొచ్చి చెప్పాను.

"అవ్వా, బాపుది చచ్చువడుడు కాదట. జర బలం తక్కువ, గంతే. చెయ్యి కదులుతదట!"

అవ్వ తలైనా ఎత్తలేదు.

"గది డాక్టర్ చెప్పాల్నా? మొన్న పప్పుల ఉప్పు తక్కువైందని గా చేత్తోనే నా చెయ్యి నూకిండు."