తువ్వాలు బాలింత చేతిలోనే

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు హౌరా నుంచి బాబూఘాట్ వెళ్ళే లాంచీలో అందింది. మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పెట్టారు. నీళ్ళు పోసే పెద్దమ్మ ఈ పొద్దుట ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, నాలుగింటికి సమాధి. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒక బొమ్మ పెట్టి, లాంచీ దిగి, ఆఫీసుకి వెళ్ళిపోయాను. పదకొండింటికి మీటింగు ఉంది. అది అయ్యాకే వెనక్కి బయల్దేరాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. నేను ఒప్పుకోవలసినవాటిలో ఇదే అన్నిటికంటే చిన్నది.

ఆమె మాకు చుట్టం కాదు. హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మా లైను చివరింట్లో ఉండేది. భర్త యార్డులో కళాసీ. పెళ్ళయిన ఏడాదే శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చింది. మా తెలుగు ఇళ్ళల్లో ఎవరికి కాన్పయినా బిడ్డకి నీళ్ళు పోయడానికి ఆమే రావాలి. నాకూ ఆమే పోసింది, నా కూతురికీ ఆమే పోసింది. వస్తూనే గాజులు తీసి కిటికీలో పెట్టేది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసి, బిడ్డను కాళ్ళ మీద వేసుకునేది. ఒంటికి నూనె రాస్తూ బిడ్డతో పేచీకి దిగేది.

"ఏటే, నన్నే తంతావేటి? మీ అమ్మనీ ఇలగే తోమినాను. అదీ ఇలగే తన్నింది."

ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. తువ్వాలు బాలింత చేతిలోనే ఉండాలి. అమ్మమ్మ అందుకోబోయినా, నాయనమ్మ అందుకోబోయినా ఊరుకునేది కాదు. "తల్లి పట్టుకోవాల" అనేది, అంతే. ఆమె చాదస్తాల్లో ఇదొకటని అందరూ నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఇక నా ఉద్యోగం సంగతి. కాన్పు తర్వాత కొందరు తల్లులకి విడవకుండా పట్టుకునే దిగులు ఒకటుంటుంది. అది జబ్బని, మందు ఉందని చాలా ఇళ్ళల్లో తెలియదు. మా తెలుగు అమ్మాయిలకైతే ఇంకో చిక్కు. ఆస్పత్రిలో అడిగేవాళ్ళు బెంగాలీలో అడుగుతారు, వీళ్ళు తలూపి వచ్చేస్తారు. అందుకని తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే మా సంస్థ ఫోను ద్వారా ఒక పని మొదలుపెట్టింది. మావాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి అంతా మాటలే. వారానికి మూడుసార్లు ఫోన్ మోగుతుంది, తెలుగులో ఒక గొంతు ధైర్యం చెబుతుంది. రెండు వారాలకోసారి ప్రశ్నలు అడుగుతుంది. నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా, బిడ్డను చూస్తే ఏమనిపిస్తోంది. బాగుంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు. దిగులు ముదరకముందే పట్టుకోవాలని మా ఆశ. ఆ ప్రశ్నలు రాసింది నేనే. చాలా గర్వంగా ఉండేది.

ఇంటింటికీ వెళ్ళి తల్లుల్ని ఇందులో చేర్పించడానికి కొందరు ఆడవాళ్ళను పెట్టుకున్నాం. మా క్వార్టర్లకి పెద్దమ్మే. మొదటి రోజే నన్ను అడిగింది.

"ఫోను అత్త సేతిలో ఉంటాది గదే. మరి నొక్కీది కోడలా, అత్తా?"

"నీకన్నీ అనుమానాలే పెద్దమ్మా" అని నవ్వేశాను.

కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చింది. మూడో లైనులో కొత్తగా కాన్పయిన పిల్ల బాగోలేదంది. నేను అక్కడే కంప్యూటర్ తెరిచి చూశాను. ఆ అమ్మాయి అన్నిటికీ ఒకటే నొక్కింది. బానే ఉందిగా అన్నాను.

"తువ్వాలు ఇచ్చినాను. బిడ్డను పైకెత్తినా అది సాపనేదు. అలగ సూస్తా నిలబడిపోనాది."

నేను ఆ మాట ఎక్కడ రాసుకోవాలి? మా ఫారంలో తువ్వాలుకి గడి లేదు. చూద్దాంలే అన్నాను, చూడలేదు. పెద్దమ్మే రోజూ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది, ఆమే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ తల్లీ బిడ్డా ఇప్పుడు బాగున్నారు. అందులో నా చెయ్యి ఏమీ లేదు.

తర్వాతి ఏడాది నాకు కాన్పయింది. ఫోన్ ఎలా పనిచేస్తుందో చూద్దామని నా పేరూ చేర్పించుకున్నాను. మూడో వారానికల్లా నాలో ఏదో ఆరిపోయింది. పాప ఏడుస్తుంటే పక్కింటి పిల్ల ఏడుస్తున్నట్టుండేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నేను రాసిన ప్రశ్నలు నన్నే అడిగింది. ఒకటి నొక్కాను. మళ్ళీ ఒకటి. అన్నిటికీ ఒకటే. నా చేతిలో ఫోన్ ఎవరూ లాక్కోలేదు, పక్కన అత్తగారూ లేరు. ఆ జవాబులు ఆఫీసులో నాతో కూర్చుని టీ తాగేవాళ్ళు చూస్తారు. అందుకని అబద్ధం చెప్పాను.

మర్నాడు పెద్దమ్మ పాపకి నీళ్ళు పోసి, పైకెత్తి నా వైపు చాపింది. నా చేతిలో తువ్వాలు ఉంది. మడత విప్పాలని నాకు తోచలేదు. పాప వణుకుతోంది, నేను గోడ వైపు చూస్తున్నాను. పెద్దమ్మ తన చీర చెంగు లాగి పాపను చుట్టేసింది. మా అమ్మతో "రేపు పాపకి సూది మందుకి ఎల్లాల, నీ కూతుర్ని నాతో అంపించు" అంది. సూది మందు లేదు, ఏమీ లేదు. నన్ను డాక్టరు దగ్గర కూర్చోబెట్టడానికి ఆడిన నాటకం అది. డాక్టరమ్మ "మాషీమా, మీరు బయట ఉండండి" అని బెంగాలీలో చెబితే, పెద్దమ్మ లేవకుండా నా వైపు తిరిగింది. "ఉండనా, ఎల్లనా?" అంది. ఉండమన్నాను. నెలలపాటు మందులు వాడాను, డాక్టరమ్మతో మాట్లాడాను, మెల్లగా తేరుకున్నాను. ఈ సంగతి పెద్దమ్మకి, డాక్టరమ్మకి తప్ప ఎవరికీ తెలియదు.

తిరిగి ఉద్యోగంలో చేరాక కోల్‌కతాలో ఒక పెద్ద సభలో మాట్లాడమన్నారు. పెద్దమ్మనీ పిలిచారు. ఇస్త్రీ చీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. నేను బెంగాలీలో మాట్లాడాను. నా కాన్పు తర్వాత ఈ ఫోన్ గొంతే నాకు తోడుగా నిలబడిందని, అందుకే నాకు ఏ దిగులూ రాలేదని చెప్పాను. చప్పట్లు కొట్టారు. పెద్దమ్మా కొట్టింది. నలభై ఏళ్ళుగా చేపల బజారులో బెంగాలీలోనే బేరమాడే మనిషికి నా మాటలన్నీ అర్థమవుతాయని నాకు అప్పుడు తట్టలేదు.

తిరుగు లోకల్ రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలాక నెమ్మదిగా అడిగింది.

"తువ్వాలు సంగతి సెప్పనేదేటే?"

"అక్కడ అలాంటివి చెప్పరు పెద్దమ్మా."

"అవునేమోలే. నాకేటి తెలుసు."

సంచిలోంచి కమలాపండు తీసి ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

నా ఉపన్యాసం బాగా పనిచేసింది. ఫోన్ ఉండగా ఇంటింటికీ తిరిగే ఆడవాళ్ళు ఎందుకని ఆఫీసులో అనుకున్నారు. నేను తలూపాను. ఇక నువ్వు రానక్కర్లేదని పెద్దమ్మకి నేనే చెప్పాను. "మరేటి, నీళ్ళు పొయ్యొద్దని సెప్పనేదు గదా" అని నవ్వి, తన దారిన తను తిరుగుతూనే ఉంది. ఆఖర్లో మంచం పట్టినప్పుడు ఒక్కసారి పళ్ళు పట్టుకుని వెళ్ళాను. నాది తప్పని చెప్పాలనే వెళ్ళాను. ఆమె పాప సంగతి అడిగింది, నేను పాప సంగతే చెప్పి వచ్చేశాను.

ఆమె పోయిన రోజు మీటింగు కూడా దీని గురించే. హౌరా పక్కనే ఉన్న లిలువాలో తెలుగు తల్లులకి ఇదే పని మొదలుపెట్టాలి, తిరిగే మనుషులు లేకుండా, ఒక్క ఫోన్‌తో. ఆ కాగితాల్లో హాయిగా ఉన్న తల్లుల లెక్కలో నేనూ ఉన్నాను. పెద్దమ్మ శవం ఇంట్లో ఉండగా నేను ఆ కాగితాలు చూపిస్తూ నిలబడ్డాను.

చర్చిలో ఆమె గురించి చాలామంది లేచి సాక్ష్యం చెప్పారు. మూడో లైను అమ్మాయి బిడ్డను చంకనేసుకుని లేచి, అందరి ముందూ, అత్త ముందూ తన కథ చెప్పింది. నేను లేవలేదు. పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మర్నాడు ఆఫీసులో మా పై అధికారి పెద్ద దీదీకి నా జవాబులు అబద్ధమని చెప్పాను. ఆమె "కేనో?" అంది, ఎందుకని. నా జవాబులు మీరంతా చూస్తారని, అన్నాను. లిలువా పని ఆపారు. మనుషుల్ని పెడతారో లేదో ఇంకా తేలలేదు.

పోయిన ఆదివారం రెండో లైనులో ఒక బాలింత ఇంటికి వెళ్ళాను. పెద్దమ్మ లేదు కాబట్టి నన్నే పొయ్యమన్నారు. భయపడుతూనే పీట మీద కూర్చుని, మోచెయ్యి ముంచి చూసి, బిడ్డను కాళ్ళ మీద వేసుకున్నాను. వాళ్ళ అమ్మ తువ్వాలు అందుకోబోతే "తల్లి పట్టుకోవాల" అన్నాను. ఫోన్లో ఆ అమ్మాయి అన్నిటికీ ఒకటే నొక్కిందని నాకు తెలుసు. నీళ్ళు పోయడం అయింది, బిడ్డను ఎత్తి చాపాను. ఆమె మడత విప్పలేదు.

నా చున్నీ లాగి బిడ్డను చుట్టి గుండెకి ఆనించుకున్నాను. "కూకో అమ్మా" అన్నాను. "నాకూ ఇలాగే అయింది."

ఆమె కూర్చుంది. బిడ్డ తల మీంచి నీళ్ళు నా మోకాళ్ళ మీదకి కారుతున్నాయి. పొడి తువ్వాలు మడత విప్పకుండా ఆమె ఒళ్ళోనే ఉంది.